సోవియట్ పోయాక ఆ ఊళ్లకు ఏమైంది? కారొలైన్ హంఫ్రీ యాభై ఏళ్ల పరిశోధన

1967లో ఇంకా పాతికేళ్లు నిండని ఒక బ్రిటిష్ పరిశోధక విద్యార్థిని సైబీరియాలో బైకాల్ సరస్సుకు తూర్పున ఉన్న ఒక సమష్టి వ్యవసాయ క్షేత్రానికి వెళ్లారు. ఆ క్షేత్రం పేరు కార్ల్ మార్క్స్. అక్కడి జనం ఎక్కువగా బుర్యాట్‌లు. మంగోల్ జాతికి చెందినవాళ్లు, తరతరాలుగా పశువుల కాపరులు. ఆ విద్యార్థిని కారొలైన్ హంఫ్రీ. పాశ్చాత్య దేశాల నుంచి వెళ్లి సోవియట్ యూనియన్‌లో ఫీల్డ్‌వర్క్ చేయడానికి అనుమతి దొరికిన తొలి మానవ శాస్త్రవేత్తల్లో ఆమె ఒకరు. 1991లో ఆ దేశమే లేకుండా పోయాక, పాత జీవితాన్ని దగ్గరగా చూసి, కొత్త జీవితాన్నీ అదే శ్రద్ధతో చూడగలిగినవాళ్లు పాశ్చాత్య విద్యాలోకంలో చాలా కొద్దిమంది మిగిలారు. ఆమె వారిలో ముఖ్యులు.

సోవియట్ అనంతర సమాజం గురించి మనం సాధారణంగా వినేది రెండు కథలు. కమ్యూనిజం పోయి మార్కెట్ వచ్చింది అనేది ఒకటి. దేశాన్ని మాఫియా దోచేసింది అనేది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఒక గొర్రెల కాపరికి, ఒక ఫ్యాక్టరీ కార్మికురాలికి, ఒక చిన్న ఊరి చైర్మన్‌కి ఆ మార్పు ఏ రూపంలో ఎదురైందో ఈ రెండు కథలూ చెప్పవు. హంఫ్రీ రచనలకు ఉన్న విలువ అక్కడే ఉంది.

ఆమె 1943లో పుట్టారు. తండ్రి కాన్రాడ్ వాడింగ్టన్ పేరున్న జీవశాస్త్రవేత్త. చెల్లెలు డూసా మెక్‌డఫ్ గణిత శాస్త్రవేత్త. కేంబ్రిడ్జ్‌లో చదువుకున్న కారొలైన్‌కి పరిశోధనలో గురువు ఎడ్మండ్ లీచ్, ఆ కాలపు బ్రిటిష్ మానవ శాస్త్రంలో పెద్ద తలకాయ. మంగోల్ భాష, చరిత్ర లీడ్స్ విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడ ఆ విభాగాన్ని మొదలుపెట్టింది మంగోలియా పండితుడు ఓవెన్ లాటిమోర్. ఆమె పీహెచ్‌డీ అంశం చూస్తే ఇప్పుడు ఆశ్చర్యం వేస్తుంది. బుర్యాట్‌ల మతంలో మంత్రశక్తి ఉన్నట్టు భావించే, గీసిన బొమ్మల గురించి ఆమె పరిశోధన చేశారు. ఆర్థిక వ్యవస్థ, ఆస్తి, లంచం వంటి విషయాలు ఆ తర్వాత వచ్చాయి. ఊళ్లో కూర్చున్నాక, అక్కడి జనం రోజూ దేని గురించి మాట్లాడుకుంటున్నారో దాన్నే ఆమె పట్టించుకోవాల్సి వచ్చింది.

లెక్కల్లో రాని గొర్రెలు

సోవియట్ పుస్తకాలు మాస్కో నుంచి తెలుగులోకి అచ్చయి వచ్చిన కాలంలో మన పాఠకులకు సమష్టి వ్యవసాయ క్షేత్రం బాగా తెలిసిన మాటే. ట్రాక్టర్లు, నవ్వుతున్న రైతులు, నిండిన గాదెలు. దానికి వ్యతిరేకంగా రాసినవాళ్లు ఆకలిని, బలవంతాన్ని చూపించారు. 1930ల తొలి ఏళ్లలో సమష్టీకరణ బలవంతంగానే జరిగింది. ఆ దశాబ్దం ముగిసేసరికి బుర్యాట్‌ల ప్రాంతమైన బుర్యాటియాలో బౌద్ధ మఠాలన్నిటినీ మూసేశారు. ఇవేవీ కొట్టిపారేయదగ్గవి కావు. కానీ 1967 నాటికి అక్కడ మూడు దశాబ్దాలుగా ఒక వ్యవస్థ నడుస్తోంది. అది ఎలా నడుస్తోంది? హంఫ్రీ అడిగిన ప్రశ్న ఇది. 1975లో మళ్లీ వెళ్లి చూసి, 1983లో ‘కార్ల్ మార్క్స్ కలెక్టివ్’ అనే పుస్తకంగా జవాబు రాశారు.

కాగితం మీద వ్యవస్థ స్పష్టంగానే ఉంది. భూమి రాజ్యానిది. మందలు, యంత్రాలు క్షేత్రానివి. పైన చైర్మన్, కింద బ్రిగేడ్‌లు అనే పని దళాలు, వాటి కింద కాపరుల బృందాలు, పాలు పితికేవాళ్లు. ఎంత ఉన్ని, ఎంత మాంసం, ఎన్ని పాలు ఇవ్వాలో పైనుంచి ప్లాన్ వస్తుంది. ప్రతి కుటుంబం సొంతానికి కొద్దిగా నేల, పరిమితికి లోబడి కొన్ని పశువులు పెట్టుకోవచ్చు. 1966లో సభ్యులకు నెలనెలా కనీస వేతనం గ్యారంటీ చేశారు. అంతకు ముందు పనిదినాల లెక్క కట్టి, ఏడాది చివర మిగిలినదాంట్లో వాటా పంచేవారు. దేశం లోపల తిరగడానికి కావలసిన పాస్‌పోర్టు హక్కు మాత్రం ఈ క్షేత్రాల సభ్యులకు 1974 దాకా రాలేదు. అంటే మనిషి ఊరిని వదిలిపోవడం అంత తేలిక కాదు.

ఇక్కడే ఆమె అసలు విషయాన్ని పట్టుకున్నారు. ప్లాన్ ప్రకారం ఇవ్వాల్సింది ఇచ్చేశాక ఎంతో కొంత మిగులుతుంది. అనుకున్నదానికంటే ఎక్కువ పుట్టిన గొర్రెపిల్లలు, రిజిస్టరులో ఎక్కని గడ్డి, ఎక్కడో దాచిన సిమెంటు. వీటిని అమ్మి లాభం చేసుకోవడం కుదరదు, పెట్టుబడిగా పెట్టడం కుదరదు. కానీ వాడుకోవచ్చు. ట్రాక్టర్ స్పేర్ పార్టు కోసం జిల్లా డిపోలో ఒకరికి ఇవ్వొచ్చు. బాగా పనిచేసే కాపరిని ఊళ్లో ఆపుకోవడానికి ఇవ్వొచ్చు. చైర్మన్ అధికారం నిజంగా ఉన్నది ఇలా చేతిలో ఆడించగలిగే మిగులులో. పైవాళ్ల దృష్టిలో అతను ప్లాన్ అమలు చేసే ఉద్యోగి. ఊరి దృష్టిలో ఇవ్వగల, ఇవ్వకుండా ఆపగల పెద్దమనిషి.

దీన్ని అవినీతి అని ఒక్క మాటలో తేల్చేయకపోవడం హంఫ్రీ చేసిన గొప్ప పని అని నా నమ్మకం. ఈ మిగులు లేకపోతే ప్లాన్ కూడా పూర్తయ్యేది కాదు. స్పేర్ పార్టు అధికారిక దారిలో సమయానికి రాదు, ట్రాక్టర్ ఆగిపోతుంది, విత్తనం పడదు. అంటే నియమాలను తప్పించుకునే పని నియమాల వ్యవస్థను నిలబెట్టడానికి కూడా అవసరమైంది. పైనుంచి చూసేవాళ్లకు ఇది లోపంగా కనిపిస్తుంది. ఊళ్లో ఉన్నవాళ్లకు ఇదే పాలన.

ఆ మిగులు చివరికి ఎక్కడికి చేరింది? పెద్ద భాగం పెళ్లిళ్లలోకి, విందుల్లోకి, కానుకల్లోకి. బుర్యాట్‌లు తండ్రి వంశాన్ని ఎన్నో తరాల వెనక్కి చెప్పగలరు. ఒకే క్షేత్రంలో ఒకే వంశాల కుటుంబాలు కలిసి ఉన్నాయి. మన పెళ్లిళ్లలో చదివింపులు పుస్తకంలో రాసుకుని, వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు తిరిగి ఇచ్చినట్టే, అక్కడా ప్రతి కానుకా ఒక బాధ్యతను మోసుకుని వెళ్లేది. డబ్బును పెట్టుబడిగా మార్చే దారి మూసుకుపోయిన చోట, సంపద పరువుగా, బంధంగా, రేపు అడగగల హక్కుగా మారింది. ఆత్మలతో మాట్లాడతారని నమ్మే షామన్‌ల క్రతువులూ, బౌద్ధ ఆచారాలూ అధికారికంగా పాతబడిపోయినా, ఇళ్లలో, కొండల దగ్గర మిగిలాయి. కొన్నిసార్లు సోవియట్ పండగల రూపంలోనే మిగిలాయి. పార్టీ సభ్యులు కూడా వీటికి పూర్తిగా బయట లేరు.

వస్తువు ఎవరిది అన్న ప్రశ్నకు ఇక్కడ ఒక్క జవాబు లేదు. గొర్రె మీద రాజ్యానికి ఒక హక్కు, క్షేత్రానికి ఇంకో హక్కు, బ్రిగేడ్‌కి, కాపరికి వేరే వేరే హక్కులు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పై మెట్టులో ఉన్నవాడికి కింద మెట్టులోని మనుషుల మీద కూడా పట్టు ఉంటుంది. 1990లలో ఏం జరిగిందో అర్థం కావాలంటే ఈ మెట్లు గుర్తుంచుకోవాలి.

ప్రైవేటీకరణ వచ్చింది, ఆస్తి ఎక్కడ?

సోవియట్ యూనియన్ ఇంకా బతికి ఉండగానే, 1991 ఏప్రిల్‌లో, హంఫ్రీ ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. రష్యా రాష్ట్రాల్లో వస్తు మార్పిడి, మాఫియా గురించి. ముందు ఏడాది తను చూసినదాన్ని అందులో రాశారు. కేంద్రం మాట చెల్లడం లేదు. తమ సరుకు బయటికి పోకుండా జిల్లాలు అడ్డుకుంటున్నాయి. స్థానికులకు మాత్రమే కూపన్లు ఇస్తున్నారు. ఫ్యాక్టరీ డైరెక్టరు, క్షేత్రం చైర్మన్, జిల్లా పెద్ద ఎవరి ఏలుబడిలో వాళ్లు చిన్న ప్రభువుల్లా మారుతున్నారు. తన మనుషులకు తిండి, ఇల్లు, రక్షణ చూసుకుంటారు. బయటివాడికి ఏమీ దొరకదు. ఎనిమిది నెలల తర్వాత దేశం విడిపోయింది. అప్పటికి చాలామంది ఆర్థికవేత్తలు రాజ్యం పక్కకు తప్పుకుంటే మార్కెట్ దానంతట అదే వస్తుందని రాస్తున్నారు. రాజ్యం తప్పుకున్న చోట మార్కెట్ కంటే ముందు ఈ చిన్న ఏలుబడులు వస్తాయని ఆమె రాసింది అక్కడి మనుషులను చూసి.

1992 జనవరి 2న రష్యా ధరల మీద నియంత్రణ ఎత్తేసింది. ఆ ఒక్క ఏడాదిలో ధరలు దాదాపు 26 రెట్లయ్యాయి. జీవితాంతం దాచుకున్నది కాగితంగా మారిపోయింది. సమష్టి క్షేత్రాలు 1993 జనవరి 1 లోపు కొత్త రూపంలో రిజిస్టర్ కావాలని ప్రభుత్వం ఆదేశించింది. ఎవరైనా తన వాటా తీసుకుని విడిగా రైతుగా బతకొచ్చు. బుర్యాటియాలో ఎంతోమంది అలా వెళ్లడానికి ఇష్టపడలేదు. మందబుద్ధితోనో, పాత సిద్ధాంతం మీద ప్రేమతోనో కాదు. విడిగా వెళ్లినవాడికి ట్రాక్టర్ ఎవరిస్తారు? ఉన్ని ఎవరు కొంటారు? చలికాలానికి గడ్డి ఎవరు మోస్తారు? బడి, ఆసుపత్రి, రోడ్డు, వీధి దీపం అన్నీ క్షేత్రం చూసుకునేవే. వాటా కాగితం చేతికొస్తే ఇవేవీ దాంతో రావు. క్షేత్రాలు దివాలా స్థితిలో కూడా ఊరిని పట్టుకుని నిలబడ్డాయి. 1983 పుస్తకానికి కొత్త అధ్యాయాలు చేర్చి 1998లో మళ్లీ అచ్చువేసినప్పుడు హంఫ్రీ పెట్టిన పేరుకు అర్థం, మార్క్స్ వెళ్లిపోయినా కార్ల్ ఉండిపోయాడు అని.

వస్తు మార్పిడి గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎందుకంటే ఆమె ఆలోచన ఎక్కడి నుంచి ఎక్కడికి ప్రయాణించిందో ఇందులో బాగా తెలుస్తుంది. 1998 నాటికి రష్యా పారిశ్రామిక సంస్థల అమ్మకాల్లో దాదాపు సగం డబ్బు లేకుండా, వస్తువుకు వస్తువు పద్ధతిలో జరిగాయి. జీతానికి బదులు కార్మికులకు తమ ఫ్యాక్టరీ సరుకే ఇచ్చిన చోట్లు ఎన్నో. చాలామంది దీన్ని వెనక్కి పోవడంగా, ఆదిమ దశకు జారడంగా చూశారు. హంఫ్రీ అంతకు ముందే ఈశాన్య నేపాల్‌లో ల్హోమీ అనే చిన్న సమాజంలో వస్తు మార్పిడి మీద పనిచేసి, 1985లో దాని గురించి రాశారు. ముందు వస్తు మార్పిడి ఉండేది, దాని ఇబ్బందుల నుంచి డబ్బు పుట్టింది అని ఎకనామిక్స్ పాఠ్యపుస్తకాలు చెప్పే కథకు ఎక్కడా ఆధారం లేదని ఆమె వాదన. కేవలం వస్తు మార్పిడి మీద నడిచిన సమాజాన్ని ఎవరూ ఎక్కడా నమోదు చేయలేదు. డబ్బు తెలిసిన మనుషులే, ఆర్థిక వ్యవస్థ ముక్కలైనప్పుడు, చేతిలో డబ్బు లేనప్పుడు దాన్ని ఆశ్రయిస్తారు. హిమాలయాల్లో కొద్ది కుటుంబాల మధ్య గమనించిన విషయం, పదేళ్లు తిరక్కుండానే ఒక అణ్వాయుధ దేశపు ఫ్యాక్టరీల్లో ఎదురైంది. చిన్న చోట జాగ్రత్తగా చూసింది పెద్ద చోటికి ఇలా పనికి రావడం మానవ శాస్త్రంలో కూడా అరుదే.

వస్తు మార్పిడిలో నమ్మకం కావాలి. తెలియనివాడితో చేయలేం. అందుకే అది మనుషులను మళ్లీ పాత పరిచయాల వైపు, పాత డైరెక్టర్ల వైపు, పాత బంధువుల వైపు నెట్టింది. స్వేచ్ఛా మార్కెట్ పేరుతో మొదలైన సంస్కరణ చేతుల్లోంచి జారి, పాత అల్లికనే బిగించింది.

చోటు పోయినవాళ్లు

ఆమె 1990లలో రాసిన వ్యాసాల్లో నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది, ఆ కాలంలో అన్నీ పోగొట్టుకున్నవాళ్ల గురించి రాసినది. నిరుద్యోగులు, ఇల్లు లేనివాళ్లు, వేరే గణతంత్రాల నుంచి వచ్చిపడ్డ శరణార్థులు, పింఛను మీద బతికే ముసలివాళ్లు. వీళ్లు పేదవాళ్లు అనడం సరిపోదంటారు హంఫ్రీ. సోవియట్ కాలంలో ఫ్లాటు, పిల్లల బడి, క్లినిక్, సెలవుల విడిది, నివాస నమోదు ఇవన్నీ చాలా వరకు పనిచేసే సంస్థ ద్వారా వచ్చేవి. మనిషి ఏదో ఒక సమష్టికి చెంది ఉండేవాడు. ఆ చెంది ఉండటమే అతని ఆస్తి. అది ఊడిపోయినవాడికి డబ్బే కాదు, సమాజంలో నిలబడే చోటే పోయింది. చెందని మనిషి అంటే అందరికీ అనుమానం. ఆ అనుమానం అప్పటికే ఉన్నదే. ఇప్పుడు లక్షలమంది మీద పడింది.

వ్యాపారుల మీద కోపం కూడా ఈ కోణంలోంచే అర్థమవుతుంది. సోవియట్ చట్టంలో కొని లాభానికి అమ్మడం నేరం. 1990లలో చదువుకున్న టీచర్లు, ఇంజనీర్లు చైనా సరిహద్దు దాకా వెళ్లి సంచుల నిండా బట్టలు తెచ్చి సంతలో అమ్ముకుని ఇల్లు గడిపారు. నిన్నటి దాకా నేరమైనది ఈ రోజు బతుకుదెరువు. కొనేవాళ్లకు ఆ సరుకు కావాలి, అమ్మేవాళ్ల మీద మాత్రం గౌరవం లేదు. అమ్మేవాళ్లకే తమ మీద గౌరవం లేని సందర్భాలు ఉన్నాయి. రక్షణ పేరుతో డబ్బు వసూలు చేసే ముఠాల మీద కూడా హంఫ్రీ రాశారు. చట్టం మీద ఎవరికీ నమ్మకం లేని చోట ఆ ముఠాలు తమదే ఒక రకమైన చట్టం అని చెప్పుకున్నాయి, కొన్నిసార్లు జనం కూడా ఒప్పుకున్నారు. ఈ వ్యాసాలన్నీ 2002లో ఒక సంపుటంగా వచ్చాయి.

2001 జనవరిలో సైబీరియా నగరాలు గడ్డకట్టిన సంఘటన మీద ఆమె చేసిన విశ్లేషణ కూడా చెప్పుకోవాలి. బుర్యాటియా రాజధాని ఉలాన్-ఉదేలో ఇళ్లకు వేడి ఒక కేంద్రం నుంచి పైపుల్లో వస్తుంది. ఏ ఇంటికీ విడిగా స్విచ్ లేదు. పాత పైపులు, బాగుచేయని బాయిలర్లు, కట్టని బకాయిలు కలిసి వ్యవస్థ కూలితే అందరూ ఒకేసారి చలిలో పడతారు. పార్టీ పోయింది, సిద్ధాంతం పోయింది, కానీ సమష్టి జీవితాన్ని ఊహించుకుని వేసిన పైపులు భూమి కింద అలాగే ఉన్నాయి. వ్యక్తిగా బతకమని చెప్పిన కొత్త రాజ్యంలో జనం అదే పైపులకు కట్టుబడి ఉన్నారు. మౌలిక వసతుల మీద ఇప్పుడు మానవ శాస్త్రంలో చాలా పుస్తకాలు వస్తున్నాయి. ఇంత సూటిగా చెప్పినవి తక్కువ.

పచ్చిక మైదానాల పని గురించి క్లుప్తంగా. 1990లలో మానవ శాస్త్రవేత్త డేవిడ్ స్నీత్‌తో, స్థానిక పరిశోధకులతో కలిసి ఆమె మంగోలియా, చైనాలోని ఇన్నర్ మంగోలియా, షిన్‌జియాంగ్, రష్యాలోని బుర్యాటియా, తువా ప్రాంతాలను పోల్చి చూశారు. మందలు ఎక్కువగా తిరిగే మంగోలియాలో నేల తక్కువగా దెబ్బతింది. కాపరులను ఒక చోట స్థిరపరిచిన చోట్ల ఎక్కువగా చెడింది. సంచార జీవనం వెనకబాటుతనం, స్థిరనివాసం అభివృద్ధి అనే నమ్మకం సోవియట్, చైనా పాలకులకే కాదు, తర్వాత వచ్చిన మార్కెట్ సలహాదారులకూ ఉంది. ఆ నమ్మకానికి ఈ అధ్యయనం గట్టి దెబ్బ.

ఇదంతా ఒంటరిగా చేసిన పని కాదు. 1986లో దావుర్ మంగోల్ పండితుడు ఉర్గుంగె ఒనన్‌తో కలిసి ఆమె కేంబ్రిడ్జ్‌లో మంగోలియా, ఇన్నర్ ఆసియా అధ్యయన కేంద్రాన్ని స్థాపించారు. ఒనన్ చిన్ననాటి జ్ఞాపకాల ఆధారంగా దావుర్ షామన్‌ల మీద 1996లో ఇద్దరూ కలిసి పుస్తకం రాశారు. సమాచారం ఇచ్చే మనిషి పేరు పుస్తకం వెనక కృతజ్ఞతల్లో చిన్నగా కనిపించే అలవాటు ఉన్న రంగంలో, అతన్ని సహ రచయితగా కవరు మీద పెట్టడం చిన్న విషయం కాదు. తర్వాత ఆమె కేంబ్రిడ్జ్‌లో చేపట్టిన ప్రొఫెసర్ పదవి పేరే సహకార మానవ శాస్త్రం. మన దేశంతోనూ ఆమె పనికి సంబంధం ఉంది. జైపూర్‌లో జైనుల పూజ ఆధారంగా, క్రతువు అంటే ఏమిటి అనే ప్రశ్న మీద జేమ్స్ లెయిడ్‌లాతో కలిసి 1994లో ఒక సిద్ధాంత గ్రంథం రాశారు.

ఆమె పనికి పరిమితులూ ఉన్నాయి. 1967లో, 1975లో ఆమె చూసినది అధికారులు చూడనిచ్చినంత మేరకే. ఏడాది పాటు ఊళ్లో ఉండి చేసే ఫీల్డ్‌వర్క్ ఆ రోజుల్లో అక్కడ కుదరదు. సోవియట్ పరిశోధకులు అచ్చువేసిన గణాంకాల మీద, సిద్ధాంత వ్యాసాల మీద ఆమె చాలా ఆధారపడ్డారు. బుర్యాటియా రష్యాకు అంచున ఉన్న ప్రాంతం. అక్కడి వంశ బంధాలు మాస్కో శివార్లలో దొరకవు. సోవియట్ చివరి తరం మాటలు, జోకులు, రోజువారీ భాష మీద అలెక్సేయ్ యుర్చక్ చేసిన పని, పరిచయాలతో పనులు చేయించుకునే పద్ధతి మీద అల్యోనా లెదెనేవా చేసిన పని హంఫ్రీ దగ్గర దొరకని వైపులు చూపిస్తాయి. వాళ్లిద్దరూ ఆ సమాజంలో పుట్టి పెరిగినవాళ్లు. ఆ తేడా చదువుతుంటే తెలుస్తుంది.

సోషలిస్టు అనంతర సమాజం అనే మాట ఇంకా వాడాలా అని 2002లోనే హంఫ్రీ ఒక వ్యాసంలో అడిగారు. 1991ని దాటి ఎంతో కాలం గడిచినా అన్నిటికీ ఆ పాత ముద్రే వేయడం అక్కడి యువతకు నచ్చకపోవచ్చని ఆమె గుర్తించారు. అయినా సోవియట్ జీవితంలో పెరిగిన తరాలు ఉన్నంత కాలం ఆ మాటకు పని ఉంటుందన్నారు. 1991లో ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు యాభైల్లో ఉన్నారు. రష్యాను నడిపిస్తున్నవాళ్లు అంతకంటే పెద్దవాళ్లు. ఆమె పెట్టిన గడువు ఇంకా పూర్తి కాలేదు. ఫ్రాంక్ బిలేతో కలిసి రష్యా, చైనా సరిహద్దు మీద ఆమె పుస్తకం 2021లో వచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక పాశ్చాత్య పరిశోధకులకు రష్యా గ్రామాల్లో ఫీల్డ్‌వర్క్ మళ్లీ చాలా కష్టమైంది. ఇప్పుడు కార్ల్ మార్క్స్ క్షేత్రం ఉన్న బార్గుజిన్ లోయ గురించి తెలుసుకోవాలనుకునే విద్యార్థి 1967 నాటి ఇబ్బందులతోనే మొదలుపెట్టాలి. కాకపోతే ఆ రోజు హంఫ్రీకి లేని ఒక ఆధారం ఈ విద్యార్థికి ఉంది. అదే లోయ మీద దశాబ్దాల పాటు రాసిపెట్టిన వివరాలు.